అటకపై చప్పుళ్ళు (ఇంటి చీడల గుర్తింపు)

అటకపై చప్పుళ్ళు అనగా ఇంటి పైకప్పునకు, నివాసపు గదికి నడుమనున్న చీకటి చోటులో చేరిన జీవులు చేసే శబ్దములు. ఆ చప్పుడు వినిపించే వేళ, దాని బరువు, లయ, వినవచ్చే చోటు అను నాలుగింటిని బట్టి జీవి కంటపడకుండానే అది ఏదో చాలావరకు పోల్చుకొనవచ్చును. చప్పుడు ఎంత పెద్దది అన్నది మాత్రము నమ్మదగిన ఆధారము కాదు. నిశిరాత్రి పెంకుల మీద పాకే చిట్టెలుక కూడ నిద్రపట్టని వానికి మనిషి నడచినట్లే వినిపిస్తుంది.

చప్పుడు వినగానే ఎలుక అని తీర్మానించి మందు పెట్టుట సర్వసాధారణము. అటకపై ఉన్నది ఉడుత, గబ్బిలము, మానుపిల్లి లేక గుడ్లగూబ అయినచో ఆ విషము వృథా అగుటయే కాక, క్రింద పారాడే పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు ప్రాణాపాయము తెచ్చిపెడుతుంది. కాబట్టి గుర్తింపు ముందు, నివారణ తరువాత జరగవలెను.

ఇంటి కట్టడము

ఏ జీవి ఎక్కడ చేరుతుందన్నది ఇంటి కప్పును బట్టి ఉంటుంది. తెలంగాణ రాష్ట్రము, సిద్దిపేట జిల్లాలోని గజ్వేల్ పరిసర గ్రామాలను ఉదాహరణగా తీసుకొనవచ్చును. (2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతము మెదక్ జిల్లాలో ఉండేది.) ఇక్కడి పాత ఇళ్ళు గూనపెంకుటిళ్ళు. దూలము మీద వాసాలు, వాసాల మీద వెదురు బద్దలు, ఆపైన ఒక వరుస వెల్లకిలా, ఒక వరుస బోర్లా పరచిన గూనలు ఉంటాయి. గూనకు, గూనకు మధ్య మిగిలే సందు చిన్న జీవులకు సిద్ధముగా ఉన్న గూడు. దూలాల మీద పలకలు గాని వెదురు తడికలు గాని పరచి చేసిన అరయే అటక. విత్తనపు కంకులు, పాత గిన్నెలు, పిడకలు, చిరిగిన గోనె సంచులు అక్కడకు చేరుతాయి. క్రింది గదిలో వడ్ల గుమ్ములు, ధర కొరకు ఆపి ఉంచిన పత్తి ఉన్నచో తిండికి తిండి, పడకకు పడక దొరికినట్లే.

కోతులు గూనలను పీకి పగలగొట్టుట వలన తెలంగాణ పల్లెల్లో అనేకులు పెంకు తీసి రేకులు వేయించుకొన్నారు. రేకుల కప్పులో సందులు తక్కువ, కాని గోడకు, రేకు వంపునకు మధ్య చేయి దూరేటన్ని ఖాళీలు మిగిలిపోతాయి. సిమెంటు స్లాబు ఇళ్ళలో అటకకు బదులు వంటగదిలోను, పడకగదిలోను సజ్జలు ఉంటాయి. మల్లన్నసాగర్ జలాశయము క్రింద ముంపునకు గురైన గ్రామాల వారికై గజ్వేల్ సమీపమున ముట్రాజుపల్లి వద్ద నిర్మించిన పునరావాస కాలనీలోని ఇళ్ళు ఈ కోవకు చెందినవే. స్లాబు ఇంట ఎలుక రాదనుకొనుట పొరపాటు. అది నీటి గొట్టము, కరెంటు తీగ వెంట ఎక్కి వస్తుంది.

వినే పద్ధతి

దీపము ఆర్పి, ఫ్యాను ఆపి, కనీసము అరగంట సేపు కదలకుండ వినవలెను. చప్పుడు మొదలైన గడియ, ఆగిన గడియ కాగితముపై వ్రాసుకొనుట మంచిది. మూడు నాలుగు రాత్రులు ఇట్లు వ్రాసినచో వేళ స్పష్టమగును. నేటి సెల్‌ఫోను శబ్దలేఖనము ఇందుకు బాగుగా ఉపకరిస్తుంది. ఫోనును అటక అంచున ఉంచి పడుకొని, ఉదయమున వినవచ్చును.

మనిషి చెవికి 20 హెర్ట్జుల నుండి 20,000 హెర్ట్జుల వరకు గల ధ్వనులే వినిపిస్తాయి, వయసు పెరిగిన కొలది పై హద్దు తగ్గిపోతుంది. ఎలుకలు తమలో తాము మాట్లాడుకొనే కూతలు, గబ్బిలములు దారి వెదకుటకు వాడే కూతలు చాలావరకు ఈ హద్దునకు పైన ఉంటాయి. ఎలుక బెదిరినప్పుడు చేసే కూత సుమారు 22,000 హెర్ట్జులు. అందుచేత మనకు వినిపించేది ప్రధానముగా ఆ జీవి గొంతు కాదు, దాని కాళ్ళు, పళ్ళు, రెక్కలు.

ఎలుకలు

అటక మీది ఎలుక దాదాపు ఎల్లప్పుడు ఇంటి ఎలుకయే. దీని శాస్త్రీయ నామము రాటస్ రాటస్. నల్ల ఎలుక అనియు పేరు కలదు గాని మన ప్రాంతమున గోధుమ వన్నెలోనే ఎక్కువగా కనిపిస్తుంది. తోక తల, మొండెము కలిపిన పొడవు కంటె ఎక్కువ. తీగ మీద, వాసము మీద పరుగెత్తునప్పుడు ఈ తోకయే దానికి తూకము.

పొద్దు గూకిన తరువాత గంట రెండు గంటలలో మొదటి సందడి, తెల్లవారు జామున రెండవ సందడి వినిపిస్తాయి. గబగబ నాలుగు అడుగుల పరుగు, టక్కున ఆగుట, మరల పరుగు - ఇది ఎలుక నడక. ప్రతి రాత్రి అదే గోడ వెంట, అదే దూలము మీదుగా పోతుంది. ఆ దారిలో దాని ఒంటి జిడ్డు అంటి నల్లని చార ఏర్పడును. పరుగుకన్న ముఖ్యమైన గుర్తు కొరుకుడు. ఎలుక కొరుకుడు పళ్ళు జీవితాంతము పెరుగుతూనే ఉంటాయి కనుక అది తినదగని వస్తువులను కూడ కొరికి పళ్ళు అరగదీసుకొంటుంది. ఒకే చోటు నుండి నిమిషముల కొలది ఆగకుండ వచ్చే గరగర శబ్దము కరెంటు తీగ ఉన్న వైపు వినిపించినచో మరునాడే తీగలను చూడవలెను. పైపూత పోయిన తీగలు ఒకదానికొకటి తగిలి ఎండిన వెదురుకు, పత్తికి నిప్పంటుకొనే ప్రమాదము కలదు.

పట్టపగలు కూడ పరుగులు వినిపించినచో వాటి సంఖ్య పెరిగినదని అర్థము, ఏలనగా బలహీనమైన ఎలుకలు రాత్రి తిండి దక్కక పగలు బయటపడుతాయి. గర్భకాలము 21 నుండి 23 రోజులు, ఈతకు సాధారణముగా 5 నుండి 8 పిల్లలు, అవి సుమారు మూడు నెలలకే ఈతకు వస్తాయి. సన్నని కీచు కూతలు ఒకే మూల నుండి వస్తూంటే అక్కడ పిల్లలున్నట్లు.

చిట్టెలుక బరువు 15-20 గ్రాములే. దాని పరుగు ఎండుటాకు దొర్లినట్లుండును గాని అడుగుల చప్పుడు విడివిడిగా తెలియదు. డబ్బాల నడుమ, పుస్తకముల వెనుక కాగితము చింపుతున్న శబ్దము దీని ఆనవాలు. రెట్టలు బియ్యపు గింజ కంటె చిన్నవి. ఇంటి ఎలుక రెట్టలు అంతకు రెండింతలకు పైగా ఉండి, రెండు కొనలు సన్నగా ఉంటాయి.

పందికొక్కు అటక జీవి కాదు. అది నేలను త్రవ్వును, పైకి ఎక్కుటలో మొద్దు. చప్పుడు పునాది నుండి, గచ్చు క్రింద నుండి, పశువుల కొట్టము వైపు నుండి వచ్చి, ఉదయమున గోడవార తాజా మన్ను కుప్ప కనిపించినచో అటక ఎక్కవలసిన పని లేదు. పెద్ద పందికొక్కు కిలో బరువు వరకు తూగును, కోపము వచ్చినప్పుడు పంది వలె గురుగురుమనును. ఈ తెలుగు పేరే ఆంగ్లములోనికి 'బాండికూట్'గా వెళ్ళినది. తరువాత ఆంగ్లేయులు దానిని ఆస్ట్రేలియాలో కనబడిన, ఎలుకలతో చుట్టరికమే లేని సంచిజంతువులకు కూడ పెట్టినారు.

చుంచును ఎలుకగా భావించుట మరొక పొరపాటు. (చుంచెలుక అనే మాటను కొందరు చిట్టెలుకకు కూడ వాడుదురు, ఇక్కడ ఉద్దేశించినది మూతి పొడవుగా, కస్తూరి వంటి కంపు కొట్టే జీవిని.) ఇది కీటకాహారి. బొద్దింకలను, పురుగులను తినును. చూపు మందము కావున గోడను ఆనుకొనియే పరుగెత్తుతూ, చిల్లర నాణెములు గలగలలాడినట్లు కిచకిచమంటుంది. చైనీయులు దీనిని డబ్బుల ఎలుక అని పిలుచుటకు ఈ కూతయే కారణము. తల్లి వెనుక పిల్లలు ఒకదాని తోక మొదలు ఒకటి నోట కరచుకొని రైలుబండి వలె సాగుట చూడముచ్చటగా ఉంటుంది. ఇంటి దుంపలకు, ధాన్యమునకు దీనివలన కలిగే నష్టము స్వల్పము. అటకపై అరుదు.

ఉడుత

పగటి చప్పుడు ఉడుతదిగా మొదట అనుమానించవలెను. తెల్లవారినది మొదలు పొద్దు గూకు వరకు తిరిగి, చీకటి పడగానే సద్దుమణిగిపోతుంది. నడక ఎలుక కంటె తేలిక, దూకుడు ఎక్కువ: రేకు మీద ఒక టప్పు, ఒక క్షణము మౌనము, మరొక టప్పు. పిల్లినో పామునో చూచినప్పుడు తోక ఎగురవేస్తూ పిట్ట వలె ఆగకుండ కూస్తుంది. ఈ కూతను వినియే కొందరు పక్షి చేరినదని భావిస్తారు. గూటికి కొబ్బరి పీచు, పత్తి, గుడ్డ పేలికలు లాగుకొనిపోవును. హాని కొంచెమే.

మానుపిల్లి

అటకపై దయ్యము నడచుచున్నదను కథలలో సగము ఈ జీవికి చెందవలసినవి. మానుపిల్లి రెండు నుండి ఐదు కిలోల బరువుండే నిశాచరి. పగలంతా తాటిచెట్టు మొవ్వులోనో, పాత ఇంటి అటకలోనో నిద్రించి, చీకటి పడిన తరువాత లేచి, నింపాదిగా, బరువుగా, ఒక్కొక్క అడుగు లెక్కపెట్టదగినట్లు నడచి బయటకు పోవును. తెల్లవారక మునుపే తిరిగి వచ్చును. అందుచేత రాత్రికి రెండుమార్లు మాత్రమే, ఒకటి పోవునప్పుడు, ఒకటి వచ్చునప్పుడు చప్పుడగును. నడుమ అంతా నిశ్శబ్దము. ఎలుక సందడికి, దీనికి గల ముఖ్య భేదము ఇదే. పిల్లలున్న కాలమున మాత్రము కూనల కూతలు, పెనుగులాట వినిపిస్తాయి.

తాటికల్లు, ఈతకల్లు కుండలలో మూతి పెట్టుట దీనికి అలవాటు. ఆంగ్లములో దీనికి గల ఒక పేరు 'కల్లు పిల్లి' అనియే అర్థమిచ్చును. కల్లు గీసే చెట్లు విరివిగా గల గజ్వేల్ వంటి చోట్ల ఇది ఇళ్ళకు చేరుటలో వింత లేదు. గోడ అంచున, కప్పు మీద గింజలతో నిండిన పెంట కనబడితే సందేహము తీరినట్లే. ఇది పండ్లతోపాటు ఎలుకలను కూడ తినును. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము రక్షిత జంతువు కావున పట్టుట, చంపుట నేరము. అటవీశాఖ వారికి తెలుపవలెను.

రెక్కలున్నవి

గబ్బిలముల రాకపోకలు గడియారము వలె క్రమబద్ధము. సూర్యాస్తమయమైన కొద్ది నిమిషములకు గూన సందులో సన్నని చిటచిట, పెనుగులాట మొదలై, పది పదిహేను నిమిషములలో అన్నియు ఎగిరిపోయి అటక మూగబోవును. ఇళ్ళలో చేరేవి ఎక్కువగా దోమలు, చిన్న పురుగులు తినే బుల్లి గబ్బిలములు. నల్లని రెట్టలు ఎలుక రెట్టలను పోలినను వ్రేళ్ళతో నలిపితే (చేతికి తొడుగు ఉండవలెను) పొడి అయి, పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తాయి. ఎలుక రెట్ట అట్లు పొడికాదు. గబ్బిలమును ఉత్త చేతితో పట్టరాదు.

పావురముల గుడగుడ, రెక్కల తపతప, పిచ్చుకల కిచకిచ పగటివే కనుక గుర్తింపు కష్టము కాదు. తెల్ల గుడ్లగూబ విషయము వేరు. పెద్ద పక్షి ఎగిరినను సవ్వడి ఉండదు. పిల్లలు మాత్రము రాత్రంతా బుసకొట్టినట్లు, గురక పెట్టినట్లు శబ్దము చేస్తాయి. దీనిని విని పాము పుట్ట పెట్టినదని భయపడినవారు కలరు. 2017లో విశాఖపట్నములో ఒక కట్టడములో కనబడిన తెల్ల గుడ్లగూబ పిల్లల దృశ్యములు గ్రహాంతరవాసులంటూ దేశమంతటా ప్రచారమైనవి. ఎలుకల సంహారములో పిల్లి కంటె మిన్న అయిన ఈ పక్షిని అపశకునమని తరిమివేయుట విచారకరము.

కోతుల చప్పుడు పోల్చుకొనుటకు వ్యాసము అక్కరలేదు. పగటిపూట కప్పు మీద దబదబ, ఆపై గూన జారిపడిన శబ్దము. తెలంగాణలో ఈ బెడద తీవ్రమగుటచే 2020 డిసెంబరులో నిర్మల్ జిల్లా చించోలి వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రము ప్రారంభమైనది.

పాములు

పాము దాదాపు చప్పుడు చేయదు. దాని ఉనికి ఇతరుల చప్పుడులోని మార్పు వలననే తెలియును. రోజూ ఉండే ఎలుకల సందడి ఒక రాత్రి హఠాత్తుగా పెద్ద కీచుకూతతో, చెల్లాచెదురు పరుగులతో ముగిసి, తరువాత రెండు మూడు రాత్రులు అటక నిశ్శబ్దమైనచో జాగ్రత్త పడవలెను. కొన్నిసార్లు గోనెసంచి మీద తాడు ఈడ్చినట్లు నిదానమైన ఒరపిడి వినిపించును. అడుగుల విరామము అందులో ఉండదు.

కప్పు ఎక్కే పాములలో జెర్రిపోతు ముఖ్యమైనది. రెండు మీటర్లు పెరిగినను విషము లేనిది, ఎలుకల కొరకే వచ్చును. అయితే నాగుపాము, కట్లపాము కూడ ఎలుకల వెంట ఇంట్లోనికి వస్తాయి. చీకటిలో ఏది ఏదో తేల్చుకొనబోవుట తెలివి కాదు. అటకలో చేయి పెట్టక, తలుపు తెరచి దూరముగా ఉండి, అటవీశాఖకు గాని, హైదరాబాదు కేంద్రముగా పనిచేసే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థలకు గాని కబురు చేయవలెను. కాటు పడినచో కోయుట, కట్టు బిగించుట, మంత్రము వేయించుట మాని, కదలిక తగ్గించి వెంటనే విషహరణి సూదిమందు గల ఆసుపత్రికి చేర్చవలెను. కట్లపాము కాటు నొప్పి లేకపోవుట వలన నిద్రలో తెలియకపోవచ్చును.

కలపలోని చప్పుళ్ళు

దూలములో నుండి వచ్చే సన్నని కరకర శబ్దము పగలు రాత్రి తేడా లేక, గంటల తరబడి, ఒకే జానెడు చోటు నుండి వినవచ్చినచో అది ఎలుక కాదు, పుచ్చు పురుగు. పెంకు పురుగుల లార్వాలు కలపను తొలుస్తూ ఉంటాయి. క్రింద గోధుమపిండి వంటి మెత్తని పొడి రాలుటయే రుజువు. వెదురు వాసాలకు ఈ తెగులు మరీ ఎక్కువ. ఐరోపాలో పాత ఓకు దూలములలో ఉండే ఒక పెంకు పురుగు తన తలతో కలపను కొట్టి జతను పిలుచును. మరణశయ్యపై ఉన్నవారి వద్ద మేలుకొని కూర్చొన్న వారికి ఆ టకటక వినబడుట చేత దానికి 'మృత్యు గడియారము' అను పేరు వచ్చినది. మన బల్లి పలుకునకు శకునము చూచినట్లే.

చెదలు తామున్నచోట పొడి రాల్చవు, మట్టి గొట్టములు కడుతాయి. ద్వారబంధమును వ్రేలితో తట్టి చెవి ఆనించితే, లోపలి సైనిక చెదలు తలలను కలపకు కొట్టి తోటివారిని హెచ్చరించే ఎండు గలగల వినిపించవచ్చును. ఇల్లు కూలుటకు చెదలంత కారణము ఎలుకలు కావు, కాని చప్పుడు తక్కువగుటచే చెదలను ఎవరూ లెక్కచేయరు. పగటిపూట వెదురులో గుయ్‌మను నాదము, వ్రేలు దూరేటంత గుండ్రని రంధ్రము, క్రింద రంపపు పొట్టు కనిపించినచో అది తుమ్మెద.

జీవి లేని చప్పుళ్ళు

రేకుల ఇళ్ళలో సాయంత్రము, ఉదయము వినబడే ఠంగుమను మోతలకు కారణము ఉష్ణోగ్రత. ఆరు మీటర్ల ఇనుప రేకు 30 డిగ్రీల సెల్సియస్ మార్పునకు సుమారు 2 మిల్లీమీటర్లు సాగును లేక ముడుచుకొనును. మేకు వద్ద ఆ ఒత్తిడి ఒక్కసారిగా సడలినప్పుడు మోత పుట్టును. కుళాయి కట్టినప్పుడు గొట్టములలో దడదడ నీటి తాకిడి వలనిది. ఇట్టి చప్పుళ్ళు స్థలము మారవు, అడుగులు వేయవు.

నిర్ధారణ, విషముల ప్రమాదము

చెవి చెప్పినదానిని కంటితో సరిచూడవలెను. అటక పలక మీద పలుచగా ముగ్గుపిండి చల్లితే తెల్లవారుసరికి అడుగుల ముద్రలు పడుతాయి: ఎలుకకు చిన్న కాలిముద్రలు, నడుమ తోక గీత, మానుపిల్లికి రూపాయి బిళ్ళకు మించిన ముద్రలు, పామునకు వంకర గీత. ధాన్యము ఉన్నచోట సున్నపు పొడి వాడరాదు.

ఎలుకయే అని తేలిన తరువాత కూడ బోను మేలు. ఎలుక కొత్త వస్తువును అనుమానించును కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు బోను తలుపు పడకుండ కట్టివేసి ఎర మాత్రమే పెట్టి, అలవాటు పడిన తరువాత తలుపు విప్పవలెను. జిగురు పలకలకు బల్లులు, పిచ్చుకలు కూడ అంటుకొని నరకయాతన పడుతాయి.

విషములలో జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీన్ అను విషవాయువును పుట్టించును. బ్రోమడియోలోన్ రక్తము గడ్డకట్టకుండ చేసి కొన్ని రోజులకు చంపును, దీనికి విటమిన్ కె విరుగుడు. పళ్ళపొడి ముద్ద వలె కనబడే పచ్చ భాస్వరపు ముద్దకు మాత్రము ప్రత్యేకమైన విరుగుడు లేదు. తిన్న తరువాత ఒకటి రెండు రోజులు రోగి కోలుకొన్నట్లు కనిపించి, పిదప కాలేయము దెబ్బతిని ప్రాణము మీదికి వచ్చును. ఆ భ్రమలో ఆసుపత్రికి ఆలస్యముగా పోవుట వలన నష్టము పెరుగుతుంది. ఏ విషమైనను ధాన్యపు గుమ్మి పైనున్న అటకలో పెట్టరాదు. ఎలుక దానిని నోట కరచుకొని పోయి ఎక్కడైన జారవిడచును. విషము తిన్న ఎలుకను తిని పిల్లులు, గుడ్లగూబలు చచ్చును. ఎలుక వాసముల సందున చచ్చినచో వారము రోజులు ఇంట నిలువజాలరు.

శాశ్వత నివారణ సందులు మూయుటయే. చిట్టెలుకకు ఆరు మిల్లీమీటర్ల సందు చాలును, అంతకన్న చిన్న కన్నుల ఇనుప జాలి వాడవలెను. గాజు పెంకులు కలిపిన సిమెంటు పాత పద్ధతి అయినను పనికివచ్చును. మూసే వేళను చప్పుడే చెప్పును: ఉడుత రంధ్రమును మధ్యాహ్నము, అది బయట ఉన్నప్పుడు, మానుపిల్లి, గబ్బిలముల దారిని చీకటి పడి అవి వెళ్ళిపోయిన తరువాత. కూనల కూతలు వినబడుచున్నంత కాలము మూయరాదు, లోపల చచ్చిపోతాయి. ఎలుకల విషయములో ముందు బోను, తరువాత మూత.

అటకను శుభ్రము చేయునప్పుడు ఎండు రెట్టలను చీపురుతో ఊడ్వరాదు. ఎలుక మూత్రము ద్వారా ఎలుక జ్వరము (లెప్టోస్పైరోసిస్) సోకుతుంది, గబ్బిలపు రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు చెడుపు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టి, చేతికి తొడుగులు వేసి, బ్లీచింగ్ పొడి కలిపిన నీరు చల్లి పది నిమిషములు తడవనిచ్చి, తడి గుడ్డతో ఎత్తి పాతిపెట్టవలెను. అక్కడ నిలువ ఉంచిన విత్తనపు కంకులను మరల వాడుటకు ముందు ఎండబెట్టి, కొరుకుడు పడినవాటిని వేరుచేయవలెను.